జామచెట్లకు సగం నీళ్లే పెట్టు

మోవా, రాయ్‌పూర్
9-5-2011

చిరంజీవి సాయికి అక్క దీవించి రాసేది. నేను కులాసా.

బోరు ఉప్పెక్కిందని, జామతోట కొట్టించేస్తానని రాశావు. తొందరపడకు. ఇక్కడ మా పరిశోధన కేంద్రంలో మేము కుండీల్లో జామచెట్లకు ఉప్పునీళ్లు పోసి, రోజూ తూకం వేస్తున్నాం. తగ్గిన బరువును బట్టి చెట్టు ఎంత తాగిందో తెలుస్తుంది. దాన్ని ముందే చెప్పే లెక్కను నేను కంప్యూటర్లో తయారు చేస్తున్నాను. మూడు నెలలుగా అది తప్పుతూనే ఉంది. నాలుగు లీటర్లు తాగుతుందని నేనంటే చెట్టు రెండే తాగేది. మొన్న కుండీలు మోసే దానయ్య, మన శ్రీకాకుళం వైపు మనిషి, నవ్వాడు.

"కంప్యూటర్‌కేటి మాలూమమ్మా! ఉప్పుకి ఆకు సిన్నదైపోనాది. మునపటంత నీరెలా తాగుతాది?"

ఆకులు కొలిచి లెక్కలో వేశాను. సరిపోయింది. నాకే తట్టనందుకు సిగ్గేసింది.

ఆకు మాడుతోందని నువ్వు నీళ్లు రెట్టింపు చేశావు. ఆకు చిన్నబడ్డ చెట్టుకు మొదట్లో పెట్టినదానిలో సగం చాలు. ఎక్కువ తోడేకొద్దీ బోరు ఇంకా ఉప్పెక్కుతుంది. వానలకు ముందే గట్లు వేయించు. వాననీరు తోటలో నిలిస్తే ఉప్పు కిందికి దిగిపోతుంది. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. నవ్యకు వాంతులు తగ్గాయా? ఎన్నో నెల?

నిమ్మచెట్లు మాత్రం ఆ నీటికి బతకవు. అక్క నాటినవని వాటికి చెరువు నుంచి మంచినీళ్లు మోస్తున్నావని నవ్య రాసింది. ఇక మొయ్యకు, కొట్టించెయ్యి. ఆ నీళ్లు ఇంట్లోకి వాడుకోండి. నేనేమీ అనుకోను.

ఇద్దరికీ ఆశీస్సులతో,
అమూల్య