కొత్తిమీర నీళ్ళు

డాక్టరమ్మగారికి నమస్కారం.

నిన్న మా ఆవిడ రక్తపరీక్ష చూసి, "పొటాషియం ఇంత పెరిగిందేంటి, ఇంట్లో ఏం పెడుతున్నారు తాతగారూ?" అని అడిగారు. ఆవిడ పక్కనే ఉందని మాట దాటేశాను.

కిడ్నీలకు మంచిదని ఎవరో చెబితే, నెల నుంచి రోజూ కట్టెడు కొత్తిమీర మరిగించి, వడగట్టి తాగిస్తున్నాను. కూరలో ఆఖర్న చల్లే ఆకే కదా అనుకున్నాను. నాకు చేతనైన వంట అదొక్కటే. "మా ఆయన చేతి నీళ్ళతోనే తేరుకున్నా" అని ఆవిడ అందరికీ చెబుతోంది. కాళ్ళ వాపు మాత్రం మోకాళ్ళు దాటింది.

ఇవాళ కట్ట దొరకలేదని అబద్ధమాడాను. ఆవిడే పక్కింటామెతో తెప్పించి, "ఇదిగో దొరికిందిగా, పొయ్యి వెలిగించండి" అంది.

మానమంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను? ఈ కాగితం నర్సమ్మకిచ్చి వరండాలో కూర్చున్నాను. నన్నొక్కడినే పిలవండి.