కాగితపు రీళ్ల పాఠం

జూన్ 3
మూడు యూనివర్సిటీలు కలిసి సరుకు రవాణా మీద ఆన్‌లైన్ కోర్సు పెడుతున్నాయట. లోడింగ్ పాఠం పని తెలిసినవాళ్లతోనే చెప్పించాలని ఒక లెక్చరరమ్మ మా ట్రాన్స్‌పోర్ట్ షెడ్డుకు వచ్చింది. లోడింగ్ మేస్త్రీ ఎవరని అడిగింది. ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసింది నేను. చెబుదామని లేచాను. పక్కనే మా తోడల్లుడున్నాడు, ఒకప్పుడు అక్కడే లారీ తోలేవాడు. వాగుడు చూసి అందరూ మైకు అంటారు. నన్నడగండి మేడమ్, మా అన్నయ్యను కదిలిస్తే దగ్గు తప్ప మాట రాదు అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె అతని నంబరు తీసుకుంది.

జూన్ 8
కోర్సు వాళ్లు అతనికి మెడలో వేసుకునే కార్డు పంపారు. ఫొటోతో. మరదలు పనిగట్టుకుని తెచ్చి చూపించింది. బాగుంది అన్నాను.

జూన్ 11, మధ్యాహ్నం
మొదటి పాఠం. ల్యాప్‌టాప్‌లో చూశాను. చివర దించే సరుకు ముందు ఎక్కించాలి, బరువు ఒక పక్కకే పడకూడదు. అన్నీ నేను నేర్పినవే. నా ఊసే లేదు. ఎంత చక్కగా చెబుతున్నాడో చూడండి అంది మా ఆవిడ. చూశాను.

జూన్ 12
తిండి సహించలేదు.

జూన్ 18, మధ్యాహ్నం
ఈ రోజు తన ప్రమాదం సంగతి చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కిందట పీపాలంతేసి కాగితపు రీళ్ల లోడుతో వెళుతుంటే మలుపులో లారీ బోల్తా పడింది. కాలు విరిగింది. మళ్లీ స్టీరింగు పట్టలేదు. వేగంగా తిప్పాను, తప్పు నాదే, మీరు నాలా చెయ్యకండమ్మా అన్నాడు పిల్లలతో. మూడు యూనివర్సిటీల వాళ్లూ చప్పట్లు కొట్టారు. ఇలా ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అంది లెక్చరరమ్మ. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు రీళ్ల కింద అడ్డు చెక్కలు కొట్టించాల్సింది నేను. మరిచిపోయాను. రీళ్లు దొర్లబట్టే లారీ పడింది. అతను తనే తప్పు చేశానని నమ్మాడు. నేను నమ్మనిచ్చాను.

సిగ్గుపడాలి. పడ్డాను. కానీ ముందు వచ్చింది సిగ్గు కాదు. తప్పు నాది, చప్పట్లు అతనికి. నా పనంతా తనదిగా చెప్పుకున్నాడు, సరే. ఇది కూడానా?

జూన్ 19
చెక్కల సంగతి తెలియకపోతే రేపు ఆ పిల్లలు ఎవరి కాలో విరగ్గొడతారు. అందుకే చెబుతున్నాను అని రాశాను. కొట్టేశాను. అందుకు కాదు.

జూన్ 25
పాఠం మధ్యలో, మాట్లాడాలంటే నొక్కే చెయ్యి బొమ్మ నొక్కాను. చెక్కల సంగతి చెప్పేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిజమా అన్నయ్యా అన్నాడు మైకు. ఊఁ అన్నాను. లేచి, కుంటుకుంటూ తెరలోంచి వెళ్లిపోయాడు.
చెక్కలు ఎలా కొట్టాలో నన్ను చెప్పమన్నారు. మిగతా నలభై నిమిషాలూ నేనే చెప్పాను.