కొమురవ్వ చిక్కుడు పందిరి మీద దొరవారి పొగ

తాలూకా తహసీల్దారు గారి సముఖానికి,

అయ్యా,

విషయం: నర్మెట్ట గ్రామంలో జగపతిరావు దొరగారి ఇటుక బట్టీ పొగవల్ల కొమురవ్వ పెరటి చిక్కుడు పూత రాలుట గురించి.

1. దొరగారు కొత్త గడీ కట్టదలచి, వెట్టివాళ్లచేత కొమురవ్వ పెరటి గోడకు ఆనించి బట్టీ పెట్టించిరి. పచ్చికట్టెల పొగ గాలివాటున నేరుగా పందిరి ఎక్కుతున్నది. ఆకులకు జిడ్డు మసి పట్టి పూత రాలుతున్నది. ఒంటరి మనిషి. ఆ కాయలు అంగడిలో అమ్మితేనే ఆమె పొయ్యి వెలుగును.

2. విచారణకు వచ్చిన తమ గిర్దావరు మొదట దొరగారింట భోంచేసి, తరువాత పందిరి చూచి, "అవ్వా, పేను పడితే చిక్కుడుకు బూడిద చల్లుతవా లేదా?" అని అడిగిరి.

"చల్లుత నాయినా. పొద్దుగాల, మంచు మీద, పిడికెడు."

"మరింకేంది? దొర నీకు పైస లేకుంట పుక్యానికి చల్లిస్తుండు!" అని తేల్చి వెళ్లిపోయిరి.

3. మర్నాడే దొరగారి గుమాస్తా గంపతో దిగి, బూడిద మాది గనుక తొలికాపు గడీకి రావలెనన్నాడు. "కాపేది బిడ్డా? పూతంత రాలె. గదే ఊడ్చుకపో, చీపురు గిదిగో" అన్నది కొమురవ్వ. ఊరంతా పడీ పడీ నవ్వింది. నవ్వుకు జుర్మానా ఉన్నచో తెలుపగలరు.

4. అయ్యా, పొయ్యిలో కాలిన పొడి బూడిద వేరు, బట్టీ కక్కే మసి వేరు. బూడిద పురుగును తోలి గాలికి రాలిపోవును. మసి ఆకును మూసి, ఎండను ఆపి, మొక్క ఊపిరి తీయును. తేడా లేదంటారా? పదిమందిమి చుట్టలు ముట్టించి గిర్దావరు గారి ముక్కులోకి ఊదుతాం, విభూతి అనుకొని కళ్లకద్దుకొమ్మనండి! ఇది బెదిరింపు కాదు, ప్రయోగం.

5. తీగెల కొసన ఇంకా కొన్ని మొగ్గలున్నవి. అవీ రాలితే ఈ ఏడు కొమురవ్వకు పస్తే.

కావున బట్టీని తక్షణం ఆర్పించవలెను. అది తమవల్ల కాకుంటే, గాలి దొరగారి ఇంటివైపు వీచునట్లు హుకుమైనా ఇప్పించవలెనని మా మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంకొన్నాళ్లు మాత్రమే),
ఓదెలు,
నర్మెట్ట సంఘం.
ఫసలీ 1356, చిక్కుడు పూతకాలం.

మళ్లీ మనవి: పైది రాసి సిరా ఆరకముందే బట్టీ ఆరింది! వెట్టివాళ్లు ఏకమై కట్టెలు కింద పడేశారు. "రేపటికెల్లి రాం దొరా. కాల్చుకుంటవో, పచ్చి ఇటుకలే పేర్చుకుంటవో నీ ఇష్టం" అని వాళ్లలో పెద్దవాడైన పోశాలు మొఖం మీదే చెప్పాడు. ఇప్పుడు ఊరంతా కుండలతో నీళ్లు మోసి ఆకులు కడుగుతున్నాం. రాసిన శ్రమ ఎందుకు పోవాలని ఇది పంపుతున్నాను. ఆ మొగ్గలు విచ్చుకునేదాకా తమరు దయచేసి ఏ చర్యా తీసుకోకండి.