తువ్వాలు కింద చేయి

నోవై,
19 అక్టోబరు 2008

ప్రియమైన తమ్ముడు శ్యామ్‌సుందర్‌కి, అక్కయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. అందుకే ఉత్తరం.

ఇక్కడ కులాసా. మీ బావగారి ఆఫీసులో మళ్లీ మనుషుల్ని తీసేస్తున్నారు. ఈయనదాకా రాలేదు. మా వీధిలో ఇంకో ఇల్లు బ్యాంకు వేలానికి వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. మంగళవారాలు లైబ్రరీలో స్వెటర్లు అల్లేవాళ్లతో కూర్చుంటున్నానని చెప్పాను కదా. అందులో ఎల్సీ అని ఒక పెద్దావిడ ఉంది. ఎనభై దాటింది. చిన్నప్పుడే జర్మనీ నుంచి వచ్చేశారట. మొన్న నన్ను, మీ ఊరు బర్మాకి దగ్గరా అని అడిగింది. వాళ్లమ్మ బర్మాలోని అక్యాబ్‌లో పుట్టిందట. తాతకి అక్కడ బియ్యం మిల్లు ఉండేదట. మొదటి యుద్ధం రాగానే జర్మన్‌వాళ్లు శత్రువులని చెప్పి ఇంగ్లీషు ప్రభుత్వం మిల్లు లాక్కుని వేలం వేసిందట. ఆయన పేరు బ్రెన్నర్.

నా చేతిలో సూదులు ఆగిపోయాయి. మన ముత్తాత రాజారావుగారు గుమాస్తాగా పనిచేసింది ఆ దొర దగ్గరే. పొద్దున్నే నేను దేవుడి దగ్గర మోగించే గంట వాళ్లింటిదే.

ఆవిడకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఒకరోజు ఇంటికి పిలిచి, గంట చూపించి, మన ముత్తాత కథ చెప్పాలని ఉంది. నానమ్మ పక్కలో పడుకుని పెరిగినవాడివి నువ్వు. ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాసి పంపు. నీ కవిత్వం కలపకు.

మరదలికి, మేనకోడలు వర్షకి నా ఆశీస్సులు.

ఇట్లు
నీ అక్కయ్య,
దమయంతి

*

క్యారీ,
2 నవంబరు 2008

ప్రియమైన అక్కయ్యకి, శ్యామ్ నమస్కారాలు.

ఆఫీస్ ప్రింటర్‌లోంచి కాగితాలు లాగి రాస్తున్నాను. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్లయిందో. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపకు, చిన్నప్పటిలాగా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నోవైలో, లైబ్రరీలో, బ్రెన్నర్ దొర మనవరాలు! సరే, నానమ్మ మాటల్లోనే చెబుతున్నాను.

వేలం మిల్లు ఆవరణలోనే పెట్టారు. దొరని అప్పటికే ఖైదీల క్యాంప్‌కి పంపేశారు. దొరసానీ పిల్లలూ ఓడ కోసం కాచుకుని పక్కనే బంగళాలో ఉన్నారు. వరండాలోంచి అంతా చూస్తున్నారు. ఇంజన్లు, పడవలు, గోదాములు, చివరికి కుర్చీలు కూడా పాటకి పెట్టారు. ఊళ్లో వ్యాపారులంతా చేతులెత్తారు. మన ముత్తాత మాత్రం ఎత్తలేదు. రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న సూరత్ సేఠ్ ఆయన బాధ చూడలేక, తువ్వాలు కిందే ఆయన చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. చివరికి మిల్లు ఆ సేఠే పాడుకున్నాడు.

సాయంత్రం దొరసాని ముత్తాతని పిలిపించింది. 'మీరొక్కరే చెయ్యెత్తలేదు' అని కళ్లనీళ్లు పెట్టుకుని, భోజనాల బల్ల మీది గంట ఇచ్చింది. పిల్లల్ని అన్నానికి పిలిచే గంట అది. తర్వాత సేఠ్ కూడా ముత్తాత నిజాయితీ మెచ్చుకుని మిల్లులో వాటా ఇచ్చాడు. ఆ వాటాతో కాకినాడ వచ్చి మన మిల్లు పెట్టారు.

నాన్న ఎప్పుడూ అనేవారు గుర్తుందా? నేను లెక్కల పరీక్షలో కాపీ కొట్టి దొరికినప్పుడు కొట్టలేదు. 'మనం తువ్వాలు కింద చేతులు పెట్టుకున్న వంశం రా' అన్నారంతే. కొట్టినా బాగుండేది.

కథ చెప్పు, గంట చూపించు. ఇచ్చేయకు మాత్రం. ఎవరైనా మెచ్చుకుంటే చేతిలో ఉన్నది ఇచ్చేసే రకం నువ్వు. వర్ష ఫ్రీమాంట్‌లో ఇల్లు తీసుకుంది. మేలో గృహప్రవేశం. నీ తర్వాత గంట వర్షకేనని నువ్వే మాటిచ్చావు. అది మొదటి పూజ ఆ గంటతోనే చేస్తానని కూర్చుంది.

ప్రేమతో
నీ తమ్ముడు,
శ్యామ్

*

నోవై,
30 నవంబరు 2008

ప్రియమైన శ్యామ్‌కి ఆశీస్సులు.

నీ ఉత్తరం చాలా బాగుంది. తప్పులు లేవు.

థాంక్స్‌గివింగ్‌కి సూర్యప్రకాశ్‌గారూ శారదగారూ భోజనానికి వచ్చారు. ఆయన గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు దుగ్గిరాలలో పసుపు వ్యాపారి. మాటల్లో నేను ముత్తాత కథ చెప్పాను. ఎల్సీగారికి చెప్పేముందు ఒకసారి పైకి అని చూసుకున్నట్టు ఉంటుందని.

తువ్వాలు మాట వచ్చేసరికి ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. బల్ల మీది నాప్‌కిన్ తీసి మీ బావగారి చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్లు పట్టుకున్నారు.

"మా నాన్న బేరాలన్నీ ఇలాగే అయ్యేవమ్మా. ధర నలుగురికీ తెలియకూడదంటే తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. మీ ముత్తాత ఊరుకోలేదు. ఎంతవరకు పాడాలో ఆయన నొక్కి చెప్పాడు, సేఠ్ పాడాడు."

శారదగారు ఆయన మోచెయ్యి గిల్లారు. ఆయన నా మొహం చూసి ఆగిపోయారు. తర్వాత పాయసం సంగతీ మంచు సంగతీ మాట్లాడుకున్నాం.

ధాన్యం అమ్మి బతికిన ఇంట్లో పుట్టాం, మనకీ మాట తెలియలేదు. మనం పుట్టేసరికే నాన్న డాక్టరు, మిల్లు ఇంకొకరిది. బేరం చూసినవాళ్లం కాదు. అందుకే బేరాన్ని ఓదార్పు అనుకున్నాం. సేఠ్ వాటా ఎందుకిచ్చాడో ఇప్పుడు అడగక్కర్లేదు. నానమ్మకి తెలుసో లేదో అడిగే వీలు లేదు.

మర్నాటి నుంచి గంట మోగించడం మానేశాను. చెయ్యెత్తనందుకు ఇచ్చిన గంట అది. దాన్ని దేవుడి ముందు ఏ మొహంతో మోగించను? ఎల్సీగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇచ్చేద్దామనుకుంటున్నాను. నీ మాట కూడా వినాలి కదా. రాయి.

నీ అక్కయ్య,
దమయంతి

*

క్యారీ,
9 డిసెంబరు 2008

అక్కయ్యా,

రెండుసార్లు కాల్ చేశాను. రెండుసార్లూ బావ తీసి, పూజలో ఉందన్నారు. గంట లేకుండా అంతసేపు పూజ ఏం చేస్తున్నావు?

నాకూ అన్నం సహించలేదు. నమ్ము. కానీ ఆలోచించు. యుద్ధం మనం తేలేదు. మిల్లు లాక్కున్నది ఇంగ్లీషువాళ్లు. ముత్తాత పాడించకపోతే ఏదో ఒక తెల్ల కంపెనీ పాడేది, దొరకి ఒరిగేదేమీ లేదు. మీ వీధిలో బ్యాంకు వేలంలో ఇల్లు కొన్నవాణ్ణి దొంగంటావా? ఆ మిల్లు లేకపోతే నాన్న మెడిసిన్ చదివేవారు కాదు. నువ్వు నోవైలో, నేను క్యారీలో ఉండేవాళ్లం కాదు. గంట ఇచ్చేస్తావు సరే, మిగతాదంతా ఎవరికిస్తావు?

ఇంకొక్క మాట. కోపం తెచ్చుకోకు. ఎనభై దాటిన మనిషికి ఈ నిజం ఇప్పుడెందుకు? నీ మనసు తేలిక చేసుకోడానికి నీ బరువు తీసి ఆవిడ నెత్తిన పెడతావా? నీ దేవుడికి ఎలాగూ తెలుసు. ఆవిడకి తెలియక్కర్లేదు.

వర్షకి ఏమీ చెప్పలేదు.

శ్యామ్

*

నోవై,
15 మార్చి 2009

ప్రియమైన శ్యామ్‌కి అక్కయ్య ఆశీస్సులు.

ఇన్నాళ్లూ రాయలేదని నొచ్చుకుని ఉంటావు. రాయడానికి సంగతి అప్పటికి ఇంకా ముగియలేదు.

వేలంలో ఇల్లు కొన్నవాణ్ణి నేను దొంగ అనను. కానీ ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు వెళ్తూ వెళ్తూ అతని చేతిలో బహుమతి పెట్టలేదు. ముత్తాత పాడించినందుకు కాదు నా బాధ. ఆ సాయంత్రం గంట తీసుకున్నాడే, అందుకు.

జనవరిలో ఎల్సీగారిని ఇంటికి పిలిచాను. గంట బల్ల మీద పెట్టి, రాజారావుగారు మా ముత్తాత అన్నాను. ఆవిడ చూడగానే పట్టుకుంది. వాళ్లమ్మ ఆ గంట గురించి చెప్పేదట. మిగతాది నేను చెప్పేలోపే ఆవిడే మొదలుపెట్టింది. వాళ్లింట్లో క్రిస్మస్ రోజు భోజనానికి ముందు చేసే ప్రార్థనలో, అక్యాబ్ రాజారావుకి కృతజ్ఞతలు చెబుతారట. అందరూ చెయ్యెత్తిన రోజున ఎత్తని ఒక్క మనిషి అని. వాళ్ల అమ్మమ్మ మొదలుపెట్టింది. తల్లి చెప్పింది. ఈవిడ చెబుతోంది. ఇప్పుడు మనవలు కూడా, మనిషెవరో తెలియకపోయినా, ఆ పేరు పలుకుతారట.

"గంట మీ దగ్గరే ఉండాలి. సరైన ఇంట్లోనే ఉంది" అంది.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది శ్యామ్. ఇద్దరికీ టీ పోశాను. ఊరుకుంటే గంట మనదే. పేరూ మనదే. ఆవిడకీ సంతోషమే. నేను ప్రార్థించుకున్నాను. జవాబు రాలేదు. కానీ ఆవిడ ప్రార్థనలో అబద్ధం ఉందని తెలిసినది నాకొక్కదానికే.

చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. వంటింటి తువ్వాలు తెచ్చి మా ఇద్దరి చేతుల మీద కప్పి, ఆవిడ వేళ్లు నొక్కి చూపించాను. ఆ ముడతల చేయి నా చేతిలో ఒక్కసారిగా బిగుసుకుంది.

"మా అమ్మమ్మ చూస్తుండగానేనా?" అంది.

"అవును" అన్నాను.

కోటు వేసుకుని, గంట సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత లైబ్రరీకి రావడం మానేసింది. ప్రతి మంగళవారం ఆవిడ కుర్చీ ఖాళీగా ఉండేది. నువ్వన్నది నిజం. నా బరువు తీసి ఆవిడ మీద పెట్టాను. మూడు తరాలు దాచుకున్న ఒక్క మంచి మనిషిని తీసేసుకున్నాను.

ఈ మంగళవారం వచ్చింది. నా పక్కనే కూర్చుంది. రెండు వరసలు అల్లాక, తల ఎత్తకుండా చెప్పింది. ప్రార్థనలోంచి ఆ పేరు తీసేద్దామనుకుందట. మనసు ఒప్పలేదట.

"ఇన్నాళ్లూ ఆయన ఉన్నందుకు కృతజ్ఞతలు చెప్పాం. ఇకమీదట ఆయన కోసం ప్రార్థిస్తాం" అంది.

మన ముత్తాత కోసం మనం ఏనాడూ ప్రార్థించలేదు శ్యామ్. ఆయనకి అవసరం లేదనుకున్నాం.

వర్షకిచ్చిన మాట తప్పాను. గృహప్రవేశానికి ముందే వస్తాను. గంట ఎందుకు లేదో దానికి నేనే చెబుతాను. నువ్వూ పక్కన కూర్చో.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. పొద్దున్నే దేవుడి గది చల్లగా ఉంటుంది. ఇదివరకు హారతి అయ్యాక చేతులు శాలువా కిందికి లాక్కునేదాన్ని. ఇప్పుడు బయటే ఉంచుకుంటున్నాను.

మీ అందరి క్షేమం కోరుతూ,
నీ అక్కయ్య,
దమయంతి