కాన్పూర్ గంగలో నీ చీర కొంగు

వదినకు,

నువ్వు పోయి ఏడాదైంది. మన తాండూరు దుకాణానికి మిల్లు బట్ట కొనడానికి కాన్పూర్ వెళ్తూ అన్నను పిలిచాను. నీతో కొంగు ముడివేసుకుని గంగలో మునగమని నువ్వు అడిగినప్పుడల్లా పని ఉందని తప్పించుకున్న మనిషి, ఈసారి సంచిలో నీ ఆకుపచ్చ చీర పెట్టుకుని బయలుదేరాడు.

గంగ ఒడ్డున పాత మెట్ల పక్కనే తోళ్ల కార్ఖానాలు. నీళ్లు నల్లగా ఉన్నాయి.

"గీ నీళ్లల్ల వద్దన్నా, జర పైకి పోదాం పా," అని గబగబా నడిచాను.

"మెల్లగ పోరా. మీ వదినె గూడ రావాలె గద."

ఎగువ రేవులో నీ కొంగును తన పంచెకు ముడివేసుకుని మునిగాడు.

తల్లిలేని నన్ను పెంచావు, పలక కొనిచ్చావు. నేను నీకు చేసింది ఈ ఒక్క ప్రయాణమే.

చీర ఆరేదాకా అన్న ముడి విప్పలేదు. నేనూ తొందరపెట్టలేదు.