తడిపిన నార

అమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ ఫోటోకి కనకాంబరాల మాల నేనే కట్టాను. బతుకంతా పూలు కట్టిన నీకు కూతురినై ఉండీ అరటినార తడపడం మరిచిపోయాను. మాల సగంలోనే పుటుక్కున తెగింది.

ఈరోజు అనాటమీ క్లాసులో మా ముందు ఒక వెన్నెముకను పెట్టారు. వెనకవైపు పూసకూ పూసకూ మధ్య లేత పసుపు లిగమెంట్లు ఉన్నాయి. మనిషి వంగితే అవి సాగుతాయట, లేస్తే మళ్ళీ దగ్గరికి లాగుతాయట. సార్ మాటలు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. నాకు మాత్రం తిరుపతి పూలంగడిలో వంగి కూర్చున్న నీ వీపు, రవికె కింద వరుసగా తేలిన పూసలు కనబడుతున్నాయి.

నాకు తెలియకుండానే బల్ల మీదున్న గిన్నెలోంచి ఆ వెన్నెముక మీద నీళ్ళు చిలకరించి తడిగుడ్డ కప్పేశాను.

"ఏమే, పూలగంపనుకుంటివా?" అని పక్కనున్న స్నేహితురాలు నవ్వింది.

"ఎండితే తెగిపోతాది," అన్నాను. అచ్చం నీ గొంతే.

సార్ ఒక్క క్షణం నా వైపు చూసి, "గుడ్డ అట్లాగే ఉండనీమ్మా," అన్నారు.

ఇంటికొచ్చి నార నానబెట్టి నీ మాల మళ్ళీ కట్టాను. ఫోటో మీద వేస్తే మెల్లగా వంగింది. తెగలేదు.