రాయి మీద తేదీ

2 నవంబరు 1967, గురువారం, నూజివీడు

ఇవాళ సమాధుల పండుగ. మామిడితోటలో దుక్కి ఆపి తమ్ముడు పౌలు వచ్చాడు.

"అక్కా, యోసేపన్నయ్యకీ ఒక రాయి వేయిద్దాం. పోయిన తేదీ చెప్పు."

"గుర్తు లేదురా."

"నీ ఒళ్ళోనే కదా పోయాడు! నేను చిన్నప్పుడు దొంగిలించిన కాయలన్నీ గుర్తుంటాయి, ఇది గుర్తుండదా?"

ఒళ్ళో పోయాడన్నది వాడికి నేను చెప్పిన అబద్ధం. పాతికేళ్ళ కిందట యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డాక ముగ్గురం అడవిదారిన నడిచి వస్తున్నాం. యోసేపుకి పన్నెండేళ్ళు, పౌలుకి నాలుగు. ఇద్దరికీ జ్వరం. నేను మోయగలిగేది ఒక్కణ్ణే. "తమ్ముణ్ణి తీసుకెళ్ళక్కా, వెనక వచ్చేవాళ్ళతో నేనొస్తా" అని యోసేపు దారి పక్కన కూర్చుండిపోయాడు. నేను నడిచాను. వాడు రాలేదు.

ఈ మాట చెబితే, అన్న ప్రాణం తీసుకుని బతికానని పౌలు కుమిలిపోతాడు. చెప్పకపోతే తేదీ నేనే కల్పించాలి.

"పేరొక్కటే చెక్కించు" అన్నాను.

"చనిపోయినవాళ్ళ ప్రార్థనలో అన్నయ్య పేరు ఎప్పుడూ చెప్పవేంటక్కా?" అన్నాడు. నేను జపమాల అందుకున్నాను. వాడు మళ్ళీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లో నేనొక్కదాన్నే. ఇందాక జపమాల ముగించాను. దారిలో ఉన్నవాళ్ళ కోసం చేసే ప్రార్థనలో వాడి పేరు చెప్పాను, రోజూలాగే.